లోతు లేని సముద్రం: 1900లో గాల్వెస్టన్‌ను ముంచింది తుపానా, ఉప్పెనా?

2024 జులైలో బెరిల్ తుపాను టెక్సస్ తీరం దాటిన రోజు పిల్లలు హ్యూస్టన్‌లో ఉంటున్న మన ఇళ్లలో ఫోన్లు తీరిక లేకుండా మోగాయి. ఇలాంటప్పుడు అటు నుంచి తరచూ వినపడే మాట ఒకటుంది: "కేటగిరీ ఒకటేలే నాన్నా, ఏం కాదు." ఆ ఒకటో కేటగిరీ తుపానుకే ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కేటగిరీ అంకె చెప్పేది గాలి వేగం ఒక్కటే. నీళ్ల సంగతి అది చెప్పదు.

నీళ్ల సంగతి తెలియాలంటే హ్యూస్టన్‌కు ఆగ్నేయంగా యాభై మైళ్ల దూరంలో ఉన్న ద్వీప నగరం గాల్వెస్టన్ దాకా వెళ్లాలి. 1900 సెప్టెంబరు 8, శనివారం రాత్రి అక్కడ జరిగినంత ప్రాణనష్టం అమెరికా చరిత్రలో మరే ప్రకృతి విపత్తులోనూ జరగలేదు. ఆ రాత్రి గురించి "హెచ్చరిక లేక చచ్చిపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అసలు చిక్కుముడి అంతకు తొమ్మిదేళ్ల ముందే పడిందని నాకనిపిస్తుంది.

## హరికేన్, సైక్లోన్, ఉప్పెన: ఏది ఏది?

హరికేన్, టైఫూన్, సైక్లోన్ మూడూ ఒకటే. వెచ్చటి సముద్రం మీద పుట్టి సుడి తిరిగే తుపానుకి అట్లాంటిక్‌లో ఒక పేరు, చైనా, జపాన్ వైపు ఒక పేరు, బంగాళాఖాతంలో ఒక పేరు. సైక్లోన్ అన్న ఇంగ్లిషు మాట పుట్టింది మన పక్కనే. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపాన్లను చదివిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో దాన్ని తయారుచేశాడు. కాకినాడ పక్కనున్న కోరంగిని 1789లో ముంచిన తుపాను ఆయన రాసుకొచ్చిన ఉదాహరణల్లో ఒకటి.

కేటగిరీలు 1970ల నాటివి. గంటకు 119 కిలోమీటర్ల గాలితో ఒకటి మొదలవుతుంది, 252 దాటితే ఐదు. 1900 నాటికి ఈ కొలతా లేదు, తుపాన్లకు ఆడ, మగ పేర్లు పెట్టే అలవాటూ లేదు. గాల్వెస్టన్ తుపాను నాలుగో కేటగిరీ అన్నది తరవాతివాళ్లు వెనక్కి లెక్కకట్టి చెప్పిన మాట.

ఉప్పెన వేరు. తుపాను తనతోపాటు తోసుకొచ్చి ఒడ్డుకెక్కించే సముద్రం అది. 2004 తరవాత చాలామంది దాన్ని సునామీతో కలిపేస్తున్నారు. సునామీ సముద్రం అడుగున భూమి కదిలితే వస్తుంది, దానికి గాలితో పనిలేదు. ఉప్పెనకి గాలే ప్రాణం. దివిసీమలో 1977 నవంబరు 19 అంటే ఇప్పటికీ "ఉప్పెన వచ్చిన ఏడు" అంటారు గాని "తుపాను వచ్చిన ఏడు" అనరు. ఏది చంపిందో చూసినవాళ్లు పెట్టుకున్న పేరు అది.

## ఇసుక మేట మీద నగరం

గాల్వెస్టన్ పొడవాటి సన్నటి ద్వీపం. ఒకపక్క మెక్సికో సింధుశాఖ, అక్కడివాళ్ల మాటల్లో గల్ఫ్ (మనకు గల్ఫ్ అంటే దుబాయి, కువైటే గుర్తొస్తాయి గాని ఇది వేరే). రెండోపక్క ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న అఖాతం, దాన్ని బే అంటారు. 1900 జనాభా లెక్కల్లో ఊరి జనం 37,789. దేశంలో పత్తి ఎగుమతి చేసే పెద్ద రేవుల్లో ఇదొకటి. బ్యాంకులు, ట్రాములు, టెలిఫోన్లు అన్నీ ఉన్న సంపన్న నగరం. ఊరు మొత్తంలో అన్నిటికన్నా మెరక నేల సముద్రమట్టానికి 8.7 అడుగులు. అంటే డాబా ఇంటి సన్‌షేడు ఎత్తు కూడా సరిగ్గా లేదు.

భయం లేక కాదు. అదే తీరంలో కాస్త నైరుతిగా ఇండియానోలా అనే రేవు పట్నం ఉండేది. 1875లో ఒక తుపాను దాన్ని ఊడ్చింది, 1886లో మరొకటి మిగిలిందీ పట్టుకుపోయింది. జనం ఊరు వదిలేశారు. గాల్వెస్టన్‌లో సముద్రానికి అడ్డంగా గోడ కడదామన్న మాట అప్పుడే లేచింది. లేచి, అక్కడే ఆగిపోయింది.

1891లో ఐజక్ క్లైన్ స్థానిక పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆయన గాల్వెస్టన్ వాతావరణ కేంద్రానికి అధికారి, వైద్యం కూడా చదువుకున్నవాడు, ఊళ్లో మాట చెల్లుబాటయ్యే మనిషి. టెక్సస్ తీరానికి పెద్ద హరికేన్లు రావడం సహజం కాదనీ, వచ్చినా ఇక్కడి సముద్రం నేల మెల్లగా వాలుతూ పోతుంది గనక కెరటాలు దూరంలోనే విరిగి నీరసిస్తాయనీ, నీళ్లు ఎక్కినా బే అవతలి పల్లపు నేలల మీదికి పోతాయి గాని ఊరికి పెద్ద నష్టం చేయలేవనీ ఆ వ్యాసం సారాంశం. గోడ కట్టకపోవడానికి అదొక్కటే కారణమని చెప్పలేం. కట్టొద్దన్నవాళ్లకు మాత్రం అది మంచి ఆసరా అయింది.

వాలు గురించి ఆయన చెప్పింది నిజమే. దాన్నుంచి తేల్చిందే తలకిందులైంది.

## సాసర్లో టీ, గ్లాసులో టీ

టీని సాసర్లో పోసుకుని గట్టిగా ఊదండి. అవతలి అంచు మీద టీ లేస్తుంది, ఇంకాస్త ఊదితే ఒలుకుతుంది. అదే టీని గ్లాసులో ఊదితే పైన చిన్న సుడి తప్ప ఏమీ జరగదు. గ్లాసులో, ఊపిరి తోసిన టీ అడుగు నుంచి వెనక్కి తిరిగి వస్తుంది. సాసర్లో అడుగున దారి లేదు.

సముద్రంలోనూ అంతే. ఒడ్డు దగ్గరే లోతుంటే గాలి తోసిన నీళ్లు కిందినుంచి వెనక్కి జారుకుంటాయి. మైళ్ల తరబడి లోతు లేని చోట వెనక్కి పోలేక ఒడ్డుకెక్కుతాయి. మెల్లటి వాలు మామూలు కెరటాన్ని విరగ్గొడుతుందన్న మాట సరైనదే. ఉప్పెన మాత్రం విరిగే కెరటం కాదు, మొత్తం సముద్రమట్టమే లేవడం. కెరటాన్ని ఆపే వాలే ఉప్పెనను పెంచుతుంది.

మన తీరంలో రెండు చోట్లను పక్కపక్కన పెడితే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికి వచ్చింది. చెట్లు, టవర్లు, విమానాశ్రయం పైకప్పు గాలికి పోయాయి. ఉప్పెన మాత్రం విశాఖ రేవు కొలతలో ఒకటిన్నర మీటరు లోపే, ఎందుకంటే అక్కడ సముద్రం త్వరగా లోతవుతుంది. కృష్ణా డెల్టా దగ్గర అలా కాదు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీదికి పదమూడు అడుగుల నీళ్లు వచ్చాయి, ముప్పై వేలమంది పోయారని నాటి లెక్క. 1977లో దివిసీమలో ఐదు మీటర్ల ఉప్పెన.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది: అల్పపీడనం సముద్రాన్ని పైకి పీలుస్తుంది గదా, ఉప్పెన దానివల్ల కాదా? లెక్క వేసి చూద్దాం. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలు పీడనం 1013. గాల్వెస్టన్ తుపాను కేంద్రంలో 935 చుట్టుపక్కల ఉండి ఉంటుందని అంచనా. తేడా 78, అంటే 78 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. ఆ రాత్రి ఊళ్లోకి వచ్చింది పదిహేను అడుగుల పైన. మిగతాదంతా గాలి, లోతు లేని నేల కలిసి చేసిన పని.

## ఆ శనివారం గంట గంటకీ

తెల్లవారుజామున ఐదింటికే పల్లపు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. క్లైన్ బండి కట్టించుకుని బీచికి వెళ్లి చూశాడు. గాలి ఉత్తరం నుంచి, అంటే నేల మీంచి సముద్రం వైపు వీస్తోంది. ఆ లెక్కన నీళ్లు వెనక్కి పోవాలి. పోవడం లేదు. ఆగ్నేయం నుంచి పెద్ద పెద్ద తరగలు గాలికి ఎదురొచ్చి ఒడ్డుకు కొడుతున్నాయి. హరికేన్‌కు ముందు ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరుగుతుందని నావికుల లెక్క, ఆ రంగు ఎక్కడా కనపడలేదని ఆయనే తన నివేదికలో రాశాడు.

గాలికి వీపు పెట్టి నిలబడితే, భూమధ్యరేఖకు ఉత్తరాన ఎక్కడైనా తుపాను కేంద్రం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకి ఉంటుంది. ఉత్తరపు గాలికి వీపు పెడితే మొహం దక్షిణానికి, ఎడమ చేయి తూర్పుకి, కాస్త ముందుకంటే ఆగ్నేయం. తరగలూ అటునుంచే వస్తున్నాయి. తుపాను ఇంకా సముద్రంలోనే ఉంది, ఇటే వస్తోంది.

ఊరికి ఇవేమీ పట్టలేదు. వీధుల్లో నీళ్లు నిలవడం గాల్వెస్టన్‌కు అలవాటే, దాన్ని అక్కడివాళ్లు పొంగు అనుకుని సర్దుకుంటారు. పిల్లలు మోకాలి లోతు నీళ్లలో ఆడుకున్నారు. బీచిలో కొయ్య స్నానశాలలు విరిగిపడుతుంటే జనం చూడ్డానికి వెళ్లారు. ఉత్తరపు గాలి ఈలోపు ఇంకో పని చేస్తోంది: బే నీళ్లను వెనక వైపు నుంచి ఊళ్లోకి నెడుతోంది. మధ్యాహ్నానికి రెండు వైపుల నీళ్లూ ఊరి మధ్య కలిశాయి. వంతెనలు మునిగాయి, రైళ్లు ఆగిపోయాయి. మూడున్నర ప్రాంతంలో హ్యూస్టన్‌కు ఆఖరి కబురు పోయాక తీగలు తెగాయి. సాయంత్రం ఆరుంబావుకి గాలి వేగం కొలిచే పరికరమే ఎగిరిపోయింది. అప్పటికి గాలి గంటకు నూరు మైళ్లు తాకింది.

ఏడున్నరకి ఏం జరిగిందో క్లైన్ రాసిపెట్టాడు. ఇంటి ముందు తలుపు ఓరగా తీసి, వీధిలో తూర్పు నుంచి పడమరకి పరుగెడుతున్న నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో నీళ్లు ఎనిమిది అంగుళాల లోతు. ఉన్నట్టుండి నాలుగు సెకన్లలో నాలుగు అడుగులు లేచాయి. కాలు కదిపేలోపు నడుం దాటాయి. అదే సమయానికి గాలి తూర్పుకి, ఆ వెంటనే ఆగ్నేయానికి తిరుగుతోంది. పొద్దుటి నుంచి సముద్రాన్ని ఎంతోకొంత పట్టి ఉంచిన ఉత్తరపు గాలి తప్పుకుంది, ఇప్పుడు గాలీ సముద్రమూ ఒకేవైపు. ఆగ్నేయపు గాలికి వీపు పెట్టి చూడండి: ఎడమ చేయి నైరుతి. కేంద్రం ఊరికి పడమరగా దాటుతోంది, ఊరు దాని కుడి రెక్క కింద పడింది. మన తీరంలో తుపాను దాటిన చోటుకి ఉత్తరాన ఉప్పెన ఎక్కువ ఉండేదీ ఈ కారణం వల్లే.

ఆయన ఇంటి దగ్గర నేల ఎత్తు 5.2 అడుగులు. దాని మీద పది అడుగుల నీళ్లు. ఊళ్లో అత్యంత మెరక చోట కూడా మనిషి మునిగే లోతు. కొందరు ఇంటి నేలకి గొడ్డలితో కంతలు పెట్టారు, నీళ్లు లోపలికొచ్చి కూర్చుంటే కొయ్య ఇల్లు తేలిపోకుండా ఉంటుందని.

నీళ్లొక్కటే అయితే ఇంకా కొందరు బతికేవారు. బీచి వైపు మొదటి వరస ఇళ్లు విరిగాయి. ఆ దూలాలూ పలకలూ రెండో వరసను గుద్దాయి, రెండూ కలిసి మూడో వరసను. క్లైన్ ఇల్లు గట్టిగా కట్టించుకున్నది, యాభైమంది దాకా వచ్చి తలదాచుకున్నారు. ట్రాము పట్టాలతో సహా తేలుకుంటూ వచ్చిన పొడవాటి కొయ్య వంతెన ముక్క గుద్దడంతో అది కూలింది. తమ్ముడు జోసెఫ్, ఐజక్, ఆయన ముగ్గురు కూతుళ్లు శిథిలాల మీద తేలి బతికారు. గర్భవతిగా ఉన్న భార్య కోరా పోయింది. ఆమె శవం ఆ నెలాఖరుకి దొరికింది. బీచి పక్కన సెయింట్ మేరీ అనాథాశ్రమంలో పదిమంది సన్యాసినులు పిల్లల్ని బట్టలారేసే తాళ్లతో తమ నడుములకి కట్టుకున్నారు. 93 మంది పిల్లల్లో మిగిలింది ముగ్గురు అబ్బాయిలు.

అలా పేరుకున్న శిథిలాలే చివరికి రెండంతస్తుల ఎత్తున గోడలా నిలబడి, వెనక ఉన్న వీధుల్ని కాపాడాయి. ఊరు కట్టుకోని గోడ ఊరి శవంతో లేచింది.

## తప్పెవరిది?

మొదటి వేలు వాషింగ్టన్ వైపు చూపిస్తుంది. తుపాను ఆ వారం మొదట్లో క్యూబా మీంచి వెళ్లింది. అక్కడి హవానాలో జెస్యూట్ క్రైస్తవ సన్యాసులు నడిపే బెలెన్ అబ్జర్వేటరీ ఉండేది, తుపాన్లను చదవడంలో దానికి దశాబ్దాల అనుభవం. తుపాను పడమరగా టెక్సస్ వైపు పోతుందని అక్కడివాళ్లు అన్నారు. అమెరికా వెదర్ బ్యూరో మాత్రం ఫ్లోరిడా మీదుగా తిరిగి అట్లాంటిక్ తీరం వెంట ఈశాన్యానికి పోతుందని నమ్మింది. అప్పటికి క్యూబా అమెరికా సైన్యం చేతిలో ఉంది. బ్యూరో అధిపతి విల్లిస్ మూర్ చొరవతో, సైన్యం అజమాయిషీలోని టెలిగ్రాఫ్ తీగల మీద క్యూబావాళ్ల వాతావరణ సందేశాలు ఆ ఆగస్టులోనే ఆపించారు. పైగా హరికేన్ అన్న మాట వాడాలంటే కేంద్ర కార్యాలయం అనుమతి కావాలి. శుక్రవారం గాల్వెస్టన్‌లో ఎగిరింది నల్ల చదరం ఉన్న ఎర్ర జెండా ఒక్కటి, అంటే మామూలు తుపాను. రెండు ఎగరేస్తే హరికేన్. మన రేవుల్లో మూడో నంబరుకీ పదో నంబరుకీ ఉన్నంత తేడా.

బ్యూరోను సమర్థించేవాళ్ల వాదనా తీసిపారేయదగ్గది కాదు. 1900లో ఓడలకి వైర్‌లెస్ లేదు. తుపాను క్యూబా దాటి సముద్రంలో పడ్డాక అది ఎక్కడుందో ఒడ్డు మీద ఎవరికీ తెలిసే దారే లేదు. హవానావాళ్ల దిశ సరైందే, ఏ ఊరికి ఏ గంటకి అన్నది చెప్పగల పరిజ్ఞానం మాత్రం అప్పుడు ఎవరి దగ్గరా లేదు.

మూడోది క్లైన్ సంగతి. బీచి వెంట గుర్రబ్బండిలో తిరిగి, మెరకకు పొమ్మని వేలమందికి చెప్పానని, అనుమతి కోసం ఆగకుండా హెచ్చరించానని ఆయన తరవాత రాసుకున్నాడు. చాలాకాలం ఊరు ఆయన్ని వీరుడిగానే చూసింది. బతికినవాళ్ల ఉత్తరాల్లో ఆయన అలా తిరిగినట్టు సాక్ష్యం దొరకడం లేదని ఈమధ్య చరిత్ర తవ్వినవాళ్లు అంటున్నారు. భార్యను పోగొట్టుకుని, గాయాలతోనే నివేదిక రాసి పంపిన మనిషి మాటని అంత తేలిగ్గా అబద్ధమనడం నాకు ఇష్టం లేదు. ఒకటి మాత్రం కనపడుతోంది: ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడు, భార్యాపిల్లలతో. నీళ్లు అంత ఎత్తుకి రావని నమ్మిన మనిషే అలా ఉంటాడు. శుక్రవారం రెండో జెండా ఎగిరి ఉంటే ఊరు కదిలేదా? గోడ అక్కర్లేదని, సముద్రం పల్చనగా ఉండటమే తమకు రక్ష అని తొమ్మిదేళ్లుగా అనుకుంటున్న జనం, ఇల్లు గట్టిదైతే చాలనుకునేవారేమో.

## ఆరు వేలా, పన్నెండు వేలా?

ఎక్కువమంది చెప్పేది 8,000. ఆరు వేల నుంచి పన్నెండు వేల దాకా అంచనాలున్నాయి. కనీసపు లెక్క తీసుకున్నా నగరంలో ఆరుగురిలో ఒకరు. లెక్క తేలకపోవడానికి కారణం శవాలే. మొదట బార్జీల మీద సముద్రంలోకి తీసుకెళ్లి వదిలారు, అవి తిరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. తరవాత దొరికిన చోటే శిథిలాల కొయ్యతో కాల్చారు, ఆ చితులు వారాల తరబడి మండాయి. ఆ శవాల్ని ఎత్తే పని నల్లజాతి మగవాళ్ల చేత తుపాకీ చూపించి చేయించారు. పేర్లు రాసుకునే తీరిక ఎవరికీ లేదు.

## జాకీలతో లేపిన ఊరు

రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైతే జాకీలు పెట్టి ఇల్లు లేపించుకోవడం మన ఊళ్లలోనూ చూస్తున్నాం. గాల్వెస్టన్ నగరాన్నే అలా లేపింది. ముందు గోడ: 1902లో మొదలై 1904కి మూడు మైళ్లకు పైగా, పదిహేడు అడుగుల ఎత్తున కాంక్రీటు. దాని రూపకర్తల్లో హెన్రీ రాబర్ట్ ఒకడు, సభా నియమాల పుస్తకంతో పేరుపడ్డ సైన్యపు ఇంజనీరు. తరవాత నేల: 1911 దాకా దాదాపు ఐదువందల వీధి చదరాల్లో రెండు వేలకు పైగా కట్టడాలను స్క్రూ జాకీలతో పైకెత్తి, కిందకి సముద్రపు ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో కొట్టారు. మూడు వేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని ఐదు అడుగులు లేపారు. ఎవరి ఇల్లు ఎత్తించుకునే ఖర్చు వాళ్లదే. ఏళ్ల తరబడి జనం ఎత్తుగా వేసిన చెక్క నడకదారుల మీద తిరిగారు, ఉప్పు బురదకి పెరటి చెట్లన్నీ చచ్చిపోయాయి.

1915లో అదే స్థాయి తుపాను వచ్చింది, గోడ నిలబడింది. వ్యాపారం మాత్రం తిరిగి రాలేదు. 1914లో హ్యూస్టన్ దాకా ఓడల కాలువ తెరుచుకున్నాక రేవు అక్కడికి తరలిపోయింది.

2008 సెప్టెంబరు 13న ఐక్ తుపాను వచ్చింది. రెండో కేటగిరీయే, కానీ మనిషి భారీ: గాలి పరుచుకున్న విస్తీర్ణం చాలా పెద్దది. దాంతో పక్కనున్న బొలివర్ ద్వీపకల్పంలో పదిహేను అడుగుల పైన నీళ్లు లేచి ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. గాల్వెస్టన్‌లో గోడకి ఏమీ కాలేదు. నీళ్లు వెనక నుంచి, గోడ లేని బే వైపు నుంచి పాత వ్యాపార వీధుల్లోకి వచ్చాయి. 1900లో ఆ శనివారం పొద్దున ఉత్తరపు గాలి తోసుకొచ్చిన దారి కూడా అదే. ఆ వైపు కూడా చుట్టుకట్ట, బే ముఖద్వారానికి భారీ గేట్లు కట్టే పథకానికి అమెరికా కాంగ్రెస్ 2022 డిసెంబరులో అనుమతిచ్చింది. అప్పటి అంచనా 3,400 కోట్ల డాలర్లు.